మూడు గోడలు

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
నూట ఇరవై ఏళ్ల కిందట ఎవరో కట్టిపోయినదాన్ని
జనవరి నెలలో వెచ్చగా ఉంచి చూడమని
ఎవరూ అనలేదు.
ఆ పని నా వంతుకొచ్చింది.

లీడ్స్‌లో, ఆర్మ్‌లీ ఏటవాలు మీద
వీపుకి వీపు ఆనించి కట్టిన ఎర్ర ఇటుక ఇళ్లు.
వాకిలి ముందొక్కటే.
పెరడు ఉండాల్సిన చోట
ఇంకొకరి వంటగది.

నెంబరు ఇరవై మూడు. బెరిల్ ఆక్రాయిడ్, డెబ్భై తొమ్మిది.
తలుపు తీసి, నా మొహం కాదు, నా సంచీ చూసి
"మళ్లీ కొలుస్తారా?" అంది.
నాకంటే ముందు ముగ్గురొచ్చారట.
ఒకాయన బల్బులు మార్చాడు.
ఒకాయన గోడలోకి నురగ ఎక్కిస్తానని వచ్చి
గోడలో ఖాళీయే లేదని తెలుసుకుని
టీ తాగి వెళ్లాడు.
మూడో ఆయన సంతకం తీసుకున్నాడు,
దేనికో ఆమెకి గుర్తులేదు.

వాకిట్లో ఎర్రగుడ్డ బిగించి, మధ్యలో ఫ్యాను పెట్టాను.
ఇంటి ఊపిరి బయటికి లాగితే
ఏ సందులోంచి తిరిగొస్తుందో తెలుస్తుంది.
పొగ పుల్ల పట్టుకుని
మెట్ల కింద, చెక్క అంచుల పొడుగునా,
మూసేసిన పొయ్యి గూటి దగ్గర
దొంగలా తిరిగాను.
పొగ వణికిన చోటల్లా సుద్దముక్కతో గీత.
వెనకే చెప్పుల చప్పుడు:
"అక్కడుంది. అక్కడ కూడా.
ఆ మూల సంగతి మీ పొగకంటే
నా మోకాలికి బాగా తెలుసు."

నా ఫారంలో నలభై ఒక్క గడులు.
హీట్ పంపు: పెట్టడానికి జానెడు నేల లేదు.
సోలార్ పలకలు: కప్పు ఉత్తరం చూస్తోంది.
గోడకి లోపలి పొర: వేస్తే మెట్ల మీద
మనిషి పక్కకి తిరిగి ఎక్కాలి.
మూడు పొరల అద్దం: టిక్కు.
అటక మీద దూది: టిక్కు.
ఎక్కడో ఒక ఆఫీసులో ఈ టిక్కులన్నీ కూడి
ఊరికి ఏ యంత్రాలు కావాలో, ఎన్ని కావాలో తేలుస్తారు.
చల్లబడుతున్న టీ ఎవరి లెక్కలోకీ రాదు.

చివరికి థర్మల్ కెమెరా తీశాను.
వెనక గోడ పసుపు, అవతల ఎవరో పొయ్యి వెలిగించారు.
కుడి గోడ లేత నారింజ.
ఎడమ గోడ మాత్రం నీలం,
వీధి గోడకి తోడబుట్టినట్టు.
ఆ నీలానికి ఆనుకునే ఆమె కుర్చీ.

"అటు తెస్ఫాయ్ వాళ్లుండేవారు. ఐదుగురు.
పిల్లలు సాయంత్రమంతా గోడకి బంతి కొట్టేవారు.
మొదట్లో చీపురుతో తిరిగి కొట్టేదాన్ని.
శనివారాలు వాళ్లమ్మ పెద్ద పెద్ద అట్లు పోసేది,
వీపు కాగేది నాకు.
నవంబరులో అద్దె పెంచారు."
అంతే చెప్పింది.
కుర్చీ జరపమని నేనూ అనలేదు.

గోడలకి చెవులుంటాయంటారు.
అరచెయ్యి ఆనించి చూశాను.
ఇది ఏమీ వినడం లేదు.

నలభై ఒక్క గడుల్లో దీనికి గడి లేదు.
ఆఖరున "ఇతరములు" అన్నచోట రాశాను:
కావలసిన పరికరం, పక్కింట్లో మనుషులు.
పరిమాణం, ఐదుగురైతే మంచిది.
పై ఆఫీసరు కొట్టేస్తుంది, తెలుసు.
కొట్టేయడానికైనా ఒకసారి చదవాలి కదా.

వెళ్లే ముందు మోకాలి మూలకి
నా సంచీలోని టేపు అంటించాను.
అది నా ఉద్యోగం కాదు.
"రేపటికి ఊడుతుంది" అంది బెరిల్,
ఊడకుండా బొటనవేలితో అదుముతూ.

వీధిలోకొస్తే ఇరవై ఒకటో నెంబరు కిటికీలో
"అద్దెకు ఇవ్వబడును."
దుమ్ము పట్టిన అద్దం మీద
చిన్న చేతి ముద్ర ఒకటి, లోపలివైపు.
బోర్డు మీద ఫోను నెంబరు రాసుకున్నాను,
ఏమని అడగాలో తెలియకుండానే.